ఆ రెండు సైటేషన్ల విషయమై యూజీసీ అధ్యక్షుల వారికి

మహారాజశ్రీ యూజీసీ అధ్యక్షుల వారికి,
బహదూర్ షా జఫర్ మార్గ్, కొత్త ఢిల్లీ.

విషయం: పీహెచ్‌డీ ఎక్సలెన్స్ సైటేషన్‌లో మేనేజ్‌మెంట్ స్కాలర్ల గతి గురించి విన్నపం.

అయ్యా,

ఏటా పది మంది పరిశోధకులకు సైటేషన్ (ప్రశంసాపత్రం) ఇచ్చి, సెప్టెంబరు 5న సత్కరించాలని తమరు తలపెట్టిన సంగతి తెలిసి మా డిపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచుకున్నాం. ఐదు విభాగాలు, విభాగానికి రెండు. కామర్స్, మేనేజ్‌మెంట్ కలిపి ఒకే విభాగం. తమరి లెక్క ప్రకారమే 2010-11లో 77,798 ఉన్న పీహెచ్‌డీ నమోదు 2017-18కి 1,61,412 అయింది. స్వీటు నోట్లో ఉండగానే ఎవరో ఈ అంకె చదివారు.

పైగా ఒక్కో విశ్వవిద్యాలయం విభాగానికి ఒక్క థీసిస్‌నే సిఫార్సు చేయాలట. మా భవనంలో కింది అంతస్తు కామర్స్ వారిది, పై అంతస్తు మాది. నీళ్ల మోటారు ఎవరు వేయాలన్న దాని మీదే రెండు అంతస్తులకూ పొత్తు కుదరలేదు. ఇక ఒక్క పేరు మీద ఏకాభిప్రాయమా! ఆ కమిటీ మినిట్స్ మీద ఎవరైనా ఆర్గనైజేషనల్ బిహేవియర్‌లో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. సైటేషన్ కూడా వచ్చినా రావచ్చు.

అదలా ఉంచండి. మా రంగంలో థీసిస్ ఎలా తయారవుతుందో తమకు తెలియనిది కాదు. ఉద్యోగుల్లో ఉద్యోగ సంతృప్తి, ఫలానా జిల్లాలో ఒక అధ్యయనం. శాంపిల్ 384. బ్యాంకు వాళ్లయినా 384, నర్సులైనా 384. జనాభా పది లక్షలుంటే ఇంతమంది చాలని 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు ఒక పట్టిక వేశారు. ఎవరినీ ఏరుకోకుండా, లాటరీ తీసినట్టు ఎంపిక చేస్తేనే ఆ లెక్క చెల్లుతుంది. ఆ షరతు మాత్రం పట్టికతో పాటు జిరాక్స్ కాలేదు.

మా తోటి స్కాలర్ ఒకాయన బస్సు డిపోకి వెళ్లి కండక్టరు చేతిలో నాలుగు పేజీల ప్రశ్నావళి పెట్టాడు. బస్సు అప్పటికే స్టార్టయి ఉంది. కండక్టరు చెవి మీది పెన్ను తీసి, “ఏ నంబరు మీద టిక్కు పెడితే మీ పనవుద్ది సారూ?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పైనుంచి కిందిదాకా 4 మీద కొట్టుకుంటూ పోయాడు. ‘నా పై అధికారి నన్ను గౌరవిస్తారు’ అన్నదానికీ 4, ‘నా పై అధికారి నన్ను వేధిస్తారు’ అన్నదానికీ 4. ఒక్కొక్కరు ఒక్కో అంకె మీద ఇలాగే కొట్టుకుపోయినవి గుట్టగా పోగయ్యాక ఎస్పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, జవాబుల పొందికను కొలిచే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 గీత దాటింది. గైడ్ గారు సంతోషించారు.

ఇదంతా అయ్యాక, వైవా ముగిసి, భోజనాలు కూడా పెట్టాక, రెగ్జిన్ అట్ట మీద బంగారు అక్షరాలు ఆరిన పుస్తకాన్ని తమ కమిటీ చేతిలోకి తీసుకుని కొత్తదనం చూస్తుంది, పద్ధతి చూస్తుంది, స్పష్టత చూస్తుంది. చూసి చేసేదేముంది స్వామీ? అందులో ఒక్క కామా కూడా మార్చలేం.

అమెరికాలో ఇన్‌ఫార్మ్స్ అనే సంస్థ, ఆర్గనైజేషన్ సైన్స్ అనే తన జర్నల్ పేరిట ఒక పోటీ పెడుతుంది. అక్కడ పోటీకి వచ్చేది పూర్తయిన థీసిస్ కాదు, ప్రపోజల్. ఫైనల్‌కి వచ్చిన వాళ్లను వార్షిక సదస్సు వేళ ఒకచోట కూర్చోబెట్టి, ఆ రంగంలో తలపండిన వాళ్లు ప్రశ్నలతో ఉతికి ఆరేస్తారు. గెలిచిన వాళ్లకు పేరొస్తుంది. ఓడిన వాళ్లకు కూడా ఇంకా దిద్దుకునే వ్యవధి ఉంటుంది. నా మట్టుకు నాకు ఆ రెండోదే అసలు బహుమతి అనిపిస్తుంది.

మనకూ ఆ ఘట్టం లేకపోలేదు. 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు హాజరవుతూనే ఉన్నాం. కమిటీ కూర్చుంటుంది, సమోసాలు వస్తాయి. “టైటిల్‌లో జిల్లా పేరు పెట్టండి” అంటారొకరు. “లిటరేచర్ రివ్యూలో మన హెడ్ గారి పేపరు కనబడదేం?” అంటారింకొకరు. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఎవరికి పనికొస్తుందని అడిగిన వారు నాకైతే తారసపడలేదు.

ఆ ప్రశ్న ముందే అడిగించే ఉపాయం ఒకటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మూడు నిమిషాల థీసిస్ పోటీ మొదలుపెట్టింది. అప్పుడక్కడ కరువు. నీళ్లు ఆదా చేయడానికి స్నానాల గదిలో మూడు నిమిషాల గడియారం తగిలించుకునేవారట. అది ఆ గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ గారికి ఇంకో దారి చూపింది. 80,000 మాటల థీసిస్ వినిపించాలంటే తొమ్మిది గంటలు పడుతుంది, దాన్ని ఒకే ఒక్క స్లైడుతో మూడు నిమిషాల్లో చెప్పాలి. మా సెమినార్ హాల్లో వేదిక మీది పెద్దల పేర్లు చదవడానికే ఆ సమయం చాలదు. అయినా పెట్టించండి. కాకపోతే ఆఖరి ఏడాది కాదు, మొదటి ఏడాదిలో పెట్టించండి. చెప్పడానికేమీ లేదని ముందే తెలిస్తే ఆ కండక్టరుకైనా శ్రమ తప్పుతుంది.

కాబట్టి తమరిని వేడుకునేదేమంటే, మాకిచ్చిన రెండు సైటేషన్లలో ఒకటి ప్రపోజల్‌కి మళ్లించండి. గైడ్ గారి ముఖం చూడని, వేరే రాష్ట్రం వాళ్లను అడగడానికి కూర్చోబెట్టండి. వాళ్లు అడిగినవీ, తిట్టినవీ అందరూ చదివేలా బయటపెట్టండి. దయచేసి దీన్ని విద్యాసంస్థల నాణ్యత తేల్చే న్యాక్ మార్కులకు మాత్రం ముడిపెట్టకండి. పెట్టిన మర్నాడే యూనివర్సిటీ గేటు ముందు ‘సైటేషన్ గ్యారంటీ’ బోర్డు లేస్తుంది.

చివరగా చిన్న సందేహం. అంతకుముందు సంవత్సరం స్నాతకోత్సవంలో పట్టా పుచ్చుకున్న వాళ్లే అర్హులని తమ ప్రకటన సారాంశం. మా స్నాతకోత్సవం గవర్నర్ గారు తేదీ ఇస్తేనే జరుగుతుంది. వైవా అయి రెండేళ్లు దాటిన వాళ్లు మా హాస్టల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు ఏ ఏడాది కింద దరఖాస్తు చేసుకోవాలో సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
పై అంతస్తు స్కాలర్