పైపులకి స్వెట్టర్లు

మా అపార్టుమెంట్ సెక్రటరీ గారు అమెరికా వెళ్ళక ముందు మామూలు మనిషే. మెయింటెనెన్స్ ఎవరు కట్టలేదు, లిఫ్టులో చెత్తసంచి ఎవరు వదిలారు, అంతవరకే ఆయన రాజ్యం. మినియాపొలిస్‌లో కొడుకు దగ్గర ఓ చలికాలం గడిపి నర్సీపట్నం వచ్చాకే మాకు కష్టాలు మొదలయ్యాయి.

ఈ రకం మనిషి ఇప్పుడు అపార్టుమెంట్‌కి ఒకరైనా ఉంటారు. వెళ్ళేటప్పుడు ఆవకాయ మోసుకెళతారు, వచ్చేటప్పుడు జాగ్రత్తలు మోసుకొస్తారు. మా సెక్రటరీ గారిది చలి జాగ్రత్త.

కార్తీకం వెళ్ళగానే మీటింగు పెట్టారు. "నీళ్ళు గడ్డకడితే నూటికి 9 పాళ్ళు ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి ఇనప గొట్టమైనా చీలిపోతుంది. చీలినట్టు అప్పుడు తెలీదు. మంచు కరిగి మూడంతస్తులూ తడిశాక తెలుస్తుంది" అన్నారు. అబద్ధమేం కాదు. అక్కడ ఊరెళ్ళేవాళ్ళు కూడా హీటరు ఆపకుండా 13 డిగ్రీల దగ్గర పెట్టి వెళతారట.

"పదమూడంటే మనం రెండు దుప్పట్లు కప్పుకునే చలి కదండీ, దానికి హీటరెందుకు?" అంది రెండో అంతస్తు పిన్నిగారు.

"30 కిలోమీటర్లలో లంబసింగిని పెట్టుకుని ఈ మాటా!" అని ఆయన లేచారు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని చెబుతారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాకి పోయింది, మేం అనకాపల్లి జిల్లాలో పడ్డాం. చలిని మాత్రం ఎవరూ పంచలేదని సెక్రటరీ గారి వాదన. లంబసింగి ఉన్నది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో, మేమున్నది కొండల కింద. ఆ చలి ఘాట్ రోడ్డు సగంలోనే బస్సు దిగిపోతుందని ఆయనకెవరు చెప్పాలి?

మర్నాడే డాబా మీద పైపులన్నిటికీ నల్లటి ఫోం తొడుగులు వేయించారు. "ఏటి బాబూ, గొట్టాలకి కూడా సలేస్తాదా?" అని వాచ్‌మన్ ఆశ్చర్యపోయాడు. తరవాత మెట్ల మీద మంచు పేరుకోకుండా కల్లుప్పు జల్లించారు. ఎవరో దిష్టి తీసి పోశారనుకుని మూడో అంతస్తువాళ్ళు రెండ్రోజులు గడప దాటలేదు.

ఇక కొళాయి. రాత్రిళ్ళు సన్నటి ధారగా వదిలెయ్యాలి, కదిలే నీళ్ళు తొందరగా గడ్డకట్టవు అన్నారు. "ఆ బెంగ మీకెందుకు బాబూ? మన బిల్డింగులో ఏ కొళాయి కట్టినా కారతానే ఉంటాది" అన్నాడు వాచ్‌మన్. సెక్రటరీ గారు దీన్ని సిబ్బంది సహకారంగా రాసుకున్నారు. మొన్నటి వానలకి మా పడగ్గది స్లాబు ఉరుస్తోందని నేను గుర్తు చేశాను. అది వానాకాలం ఎజెండా అట.

కోపంతో ఓ సాయంత్రం ఆయన ఇంటికే వెళ్ళాను. టీ ఇచ్చి, అమెరికా సంగతులు విప్పారు. ఆ ఆర్నెల్లూ కొడుకు కారు తాళం ముట్టుకోనివ్వలేదు, కోడలు పొయ్యి వెలిగించనివ్వలేదు. అప్పగించిన పని ఒక్కటే. చలి బాగా ముదిరిన రాత్రుల్లో వంటింటి కొళాయి సన్నగా తిప్పి పెట్టడం. ఈయన గంటకోసారి లేచి చూసేవారట. "ఒక్క పైపు పగల్లేదండీ" అన్నారు, మనవడికి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా. స్లాబు సంగతి ఎత్తకుండానే లేచి వచ్చేశాను.

భోగికి ముందు ఓ రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టారు. మంకీ క్యాపు, చేతిలో టార్చి, థర్మామీటరు. ఇన్‌స్పెక్షన్‌కి సాక్షి కావాలట. డాబా ఎక్కితే 17 డిగ్రీలు. పైపులు మాత్రం నగ్నంగా ఉన్నాయి. ఒక్క తొడుగూ లేదు.

"దొంగలు!" అంటూ గబగబా కిందికి దిగారు. మోటారు గది పక్కన మంచం మీద వాచ్‌మన్ గుర్రుపెడుతున్నాడు. మెడ చుట్టూ ఓ తొడుగు, రెండు కాళ్ళకీ రెండు, మిగిలినవి పరుపు కింద వరసగా.

టార్చి వెలుగుకి ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకున్నాడు. సెక్రటరీ గారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి వంగి అడిగారు.

"వెచ్చగా ఉందా?"

"మా బాగుంది బాబూ."

జేబులోంచి పుస్తకం తీసి, టార్చి నా చేతికిచ్చి రాసుకున్నారు: ఇన్సులేషన్ సంతృప్తికరం.