మ్యాపు వేసేవాళ్లు వినకూడని సలహాలు

"ఫోన్లో మ్యాపులన్నీ వెబ్ మెర్కేటర్‌లోనే ఉంటాయి, మనకూ అదే చాలు." దారి వెతకడానికి చాలు, పొలం కొలవడానికి చాలదు. భూమధ్యరేఖకు దూరం జరిగేకొద్దీ ఆ ప్రొజెక్షన్ నేలను సాగదీస్తుంది. హైదరాబాదు అక్షాంశం దగ్గరే వైశాల్యం దాదాపు పది శాతం పెరుగుతుంది. ఆ కోఆర్డినేట్లతోనే లెక్క కడితే ఎకరాకు పది సెంట్లు, తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలు, లేని నేల కాగితం మీదికొస్తుంది. సెంటు భూమికి అన్నదమ్ములు కోర్టుకెక్కే చోట ఇది చిన్న తప్పు కాదు.

"మన రాష్ట్రాలకు 44వ యూటీఎం జోన్, కళ్లు మూసుకుని పెట్టేయండి." ఆ జోన్ 78, 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ అందులోవే. జహీరాబాదు, అనంతపురం మాత్రం 43లో ఉన్నాయి. పలాస, ఇచ్ఛాపురం 45లో. అనంతపురం పక్క ఊరికి మ్యాపు వేస్తుంటే 43 తీసుకోండి. అలాగని ఆంధ్ర మొత్తాన్ని మూడు జోన్లుగా కోసి అతికించమంటే వినకండి, అతుకుల దగ్గర కోఆర్డినేట్లు కలవవు. జిల్లాల వైశాల్యాలు పోల్చాలంటే ఆల్బర్స్ ప్రొజెక్షన్ తీసుకుని, ప్రామాణిక అక్షాంశాలను 14, 18 డిగ్రీల దగ్గర పెట్టండి. వైశాల్యం మారదు, ఆకారాలూ పెద్దగా చెడవు.

అన్నిటికన్నా ప్రమాదం ఈ సలహాతో: "లేయర్లు కలవట్లేదా? సీఆర్‌ఎస్ మార్చెయ్." లేయరుకు వేరే సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్ రిఫరెన్స్ సిస్టమ్) తగిలించినంత మాత్రాన లోపలి అంకెలు మారవు. డిగ్రీల్లో ఉన్న బోర్ల జాబితాకు 44వ జోన్ తగిలిస్తే, సాఫ్ట్‌వేర్ 78 డిగ్రీలను 78 మీటర్లుగా చదువుతుంది. బోర్లన్నీ భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రంలో పడతాయి. కావలసింది రీప్రొజెక్ట్ చేయడం, అంటే లోపలి అంకెలనే కొత్త సీఆర్‌ఎస్‌లోకి లెక్కకట్టి మార్చడం.

సముద్రంలో పడిన బోరు వెంటనే కనిపిస్తుంది కాబట్టి దిద్దుకుంటాం. పాత టోపోషీట్లతోనే నాకు భయం. అవి 1830 నాటి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద కట్టినవి. జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. డేటమ్ (కోఆర్డినేట్లకు ఆధారమైన భూమి నమూనా) మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే చెరువు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది, అయినా చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది. అప్పుడు లేయరును చేత్తో జరిపి సరిపెట్టమనేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. ముందు షీటు అంచున అచ్చయిన వివరాలు చదవండి. డేటమ్ మార్చాక, షీటులోనూ నేలమీదా ఉన్న పాత వంతెన దగ్గరో గుడి దగ్గరో జీపీఎస్‌తో సరిచూడండి.

ఇంకొకరికి ఫైలు ఇచ్చేటప్పుడు దాని డేటమ్, ప్రొజెక్షన్, జోన్ తప్పకుండా రాసి ఇవ్వండి.