లీటరెంత యిచ్చె: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము

లీటరెంత యిచ్చె లెక్కలు రాయరా
బంకు నుండి యింటి బాటలోన
చమురు తాగు బండి చాలించు వేళను
చెప్పు నంకె గాని చెలిమి గాదు

అవతారిక: ఒకానొక గృహస్థు తన పాత పెట్రోలు కారును అమ్మవలెనా, ఉంచవలెనా యని సందేహపడి, డాష్‌బోర్డు అరలోని బంకు రసీదులను ఒళ్ళో పరచుకొని కూర్చుండగా, తోడల్లుడు చేసిన ఉపదేశమిది. కవి నామధేయం దొరకలేదు. రసీదుల మీది అక్షరాలు ఎండకు మాసిపోవడం వల్ల కాలనిర్ణయమూ కుదరలేదు. పద్యంలో బంకు ఉండి ఛార్జింగు పాయింటు లేకపోవడాన్ని బట్టి మరీ నిన్నటిది కాదని ఊహించవచ్చు. మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ప్రస్తుత టీకాకారునికి అంత నిగ్రహం లేదని మొదటే విన్నవించడమైనది.

ప్రతిపదార్థము: లీటరు = ఒక లీటరు పెట్రోలునకు; ఎంత ఇచ్చెన్ = ఎన్ని కిలోమీటర్లు నడచెనో; లెక్కలు = ఆ అంకెలను; రాయరా = పుస్తకమున ఎక్కించుము; బంకు నుండి యింటి బాటలోన = ఆలస్యము చేయక దారిలోనే (ఇంటికి చేరిన మరతువు గనుక); చమురు తాగు = మితిమీరి ఇంధనము సేవించు; బండిన్ = కారును; చాలించు వేళను = వదిలించుకొనదగు సమయమును; అంకె కాని = ఆ సంఖ్యయే; చెప్పున్ = తెలుపును; చెలిమి = ఇన్నేళ్ళ అనుబంధము; కాదు = తెలుపజాలదు.

తాత్పర్యము: ఓయీ! మైలేజీ రాసుకో. పడిపోతే అమ్మేయి. కన్నీళ్ళు పెట్టుకోకు.

విశేషములు: ‘లెక్కలు’ అన్నాడే గాని ‘రూపాయలు’ అనలేదు. కవి జాగ్రత్త ఇక్కడ తెలుస్తున్నది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. నెల ఖర్చు పెరిగిందంటే పాపం ధరదో, కారుదో, అత్తగారింటికి అదనంగా రెండుసార్లు వెళ్ళిన యజమానిదో రూపాయల్లో తేలదు. లీటర్లూ, మీటరు మీది కిలోమీటర్లూ రాస్తేనే తేలుతుంది. ‘ఐదొందలది కొట్టు’ అనే సంప్రదాయం వారికి ఈ శాస్త్రంలో అధికారం లేదు. ట్యాంకు నింపించి, గన్ను తనంతట తాను టక్కున ఆగిన చోటే ఆపించి, రీడింగు రాసుకొని, మళ్ళీ అదే విధంగా నింపించినప్పుడు పట్టిన లీటర్లతో మధ్య నడిచిన దూరాన్ని భాగించాలి. ‘రౌండ్ ఫిగర్ చేసేదా సార్?’ అని బంకు కుర్రాడు అడిగే ప్రశ్న ఈ యజ్ఞానికి విఘ్నం. వద్దనాలి. ఒక్క ట్యాంకు ప్రమాణం కాదు. నాలుగైదింటి సగటు ప్రమాణం.

‘బంకు నుండి యింటి బాటలోన’ అన్నదానికి వేరొక వ్యాఖ్యాత ‘నీవు నిత్యం తిరిగే దారిలో’ అని అర్థం చెప్పాడు. ఇదే రసవత్తరం. విజయవాడ హైవే మీద ఎనభైలో నిలకడగా పోయిన నాటి అంకెను తెచ్చి, అమీర్‌పేట సిగ్నళ్ళ దగ్గర నిలబడి పోల్చుకొని ఏడ్వరాదని హెచ్చరిక. కంపెనీవారు ప్రకటించే మైలేజీ ఈ బాటలోనిది కాదు. పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు కారును రోలర్ల మీదికి ఎక్కించి, నిర్ణీత వేగాల పట్టిక ప్రకారం పరిగెత్తించి తేల్చే సంఖ్య అది. ఆ రోలర్ల మీద గుంతలుండవు, ఎదురుగా గేదె రాదు.

‘చమురు తాగు’: ఇక్కడ పూర్వపక్షం బలంగా ఉంది. తాగుతున్నది కారేనా? టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు పట్టి వదలకపోయినా, క్లచ్చు జారుతున్నా, థర్మోస్టాట్ తెరుచుకొనే ఉండిపోయి ఇంజను వేడెక్కకపోయినా, ఆక్సిజన్ సెన్సరు పాడైనా మైలేజీ పడిపోతుంది. ఇవన్నీ మెకానిక్కు షెడ్డులో తేలే వ్యాధులు. ఇక ఇంధనమే మారిందనుకోండి: ఇథనాల్‌లో, లీటరుకు లీటరు చూస్తే, పెట్రోలులో ఉన్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో, పాత తరహా పెట్రోలుకు తయారైన కార్లకు ఆరేడు శాతం మైలేజీ తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా కట్టింది. కనుక పుస్తకంలో అంకె పడిపోగానే ‘చాలించు’ అనడం జ్వరమొచ్చిన మనిషికి దినం పెట్టడం. అంకె చెప్పేది రోగముందని. ఆయువు తీరిందని కాదు.

ఇప్పుడు కవిదోషం. ‘లీటరెంత యిచ్చె’ అన్న ప్రశ్నే తిరగబడింది. ఐరోపాలో నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పట్టిందని అడుగుతారు. మనం అటుది ఇటు చేసి అడగడం వల్ల చిత్రమైన భ్రాంతి కలుగుతుంది. లీటరుకు 8 ఇచ్చే బండిని మార్చి 12 ఇచ్చేది కొంటే పెరిగినవి నాలుగే. 18 ఇచ్చేదాన్ని మార్చి 24 ఇచ్చేది కొంటే ఆరు పెరిగాయని సంబరం. వెయ్యి కిలోమీటర్లకు లెక్క కట్టండి: మొదటివాడికి మిగిలేవి దాదాపు 42 లీటర్లు, రెండోవాడికి 14. ఇప్పటికే పొదుపుగా నడిచే కారును ఇంకా పొదుపు పేరిట మార్చేవారు ఈ నాలుగు పంక్తులు మరోసారి చదవగలరు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మూడో పాదంలో ఉంది. మన గృహస్థుని కారు 12 ఇస్తున్నదనీ, కొత్తది అదే దారిలో 18 ఇస్తుందనీ, నెలకు 800 కిలోమీటర్లు తిరుగుతాడనీ అనుకుందాం. నెలకు మిగిలేది 22 లీటర్లు. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాదులో పెట్రోలు 107 చిల్లరకు వచ్చింది. ఆ ధరకు మిగులు 2,400 దాటదు. కొత్త కారుకు ఎనిమిది లక్షలు అప్పు తీసుకుంటే తొమ్మిది శాతం వడ్డీకి, ఏడేళ్ళ వాయిదాకు, నెలకు 12,870 కట్టాలి. బీమా వేరే. పెట్రోలు ఒక్కటే కారణమైతే ఏ సంఖ్యాశాస్త్రంలోనూ ఈ కారు మార్చేది కాదు. టాక్సీ తిప్పేవాడికి, రోజుకు రెండొందలు తిరిగేవాడికి లెక్క వేరు. పద్యం వారి కోసమైతే నిర్దుష్టం. మామూలు సంసారి విషయంలో ‘చాలించు వేళ’ తేల్చేది మరమ్మతుల బిల్లులు, దొరకని విడిభాగాలు, పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను కొనసాగించుకోవడానికి చేయించవలసిన ఫిట్‌నెస్, నడిరోడ్డు మీద ఆగిపోతుందన్న భయం. వీటిలో ఒక్కటీ బంకు రసీదులో కనబడదు.

మరి ఇన్ని తెలిసిన తోడల్లుడు అంకె పేరే ఎందుకెత్తాడు? అలంకారం చూడగా విషయం తేటపడుతుంది. ఇందు వ్యాజోక్తి. అసలు సంగతి బయటపడకుండా వేరొక నెపం చెప్పడం దాని లక్షణం. గృహస్థుకు కొత్త కారు కావాలి. కావాలనడానికి సిగ్గు. ‘లీటరుకు పన్నెండే ఇస్తోందండీ, భరించలేకపోతున్నాం’ అంటే ఇంట్లోనూ ఆఫీసులోనూ గౌరవంగా ఉంటుంది. ‘చెలిమి గాదు’ అన్న నిషేధం పాత కారు మీది చెలిమికే. కొత్తదాని మీది చెలిమిని కవి ఎక్కడా నిషేధించలేదు.

పాఠాంతరము: కోనసీమ ప్రతిలో నాల్గవ పాదం ‘చెప్పు నల్లుడొకడు చెలిమి గాదు’ అని ఉన్నది. సంక్రాంతికి పెద్దల్లుడు సన్‌రూఫున్న బండిలో దిగినప్పటిదని ఆ ప్రాంతపు వ్యాఖ్యాతల మతం. ఏది కవిపాఠమో తేల్చడానికి ఛందస్సు తోడ్పడదు, యతి రెండింటికీ కుదిరింది. బ్యాంకు వారు రెండింటికీ అప్పిస్తున్నారు.