స్కోరు పంక్తికి టీకా తాత్పర్యము

మూలము: హనుమ విహారి – టెస్టులు 16, ఇన్నింగ్సులు 28, నాటౌట్ 3, పరుగులు 839, అత్యధికం 111, సగటు 33.56.

ప్రతిపదార్థము: హనుమ విహారి = 1993లో కాకినాడలో పుట్టినవాడును (ఎదుర్లంక వంతెన దాటితే వచ్చేది కోనసీమే గనుక మనవాడే అని అమలాపుర వ్యాఖ్యాతల సమన్వయము); టెస్టులు 16 = 2018లో ఓవల్‌లో మొదలై 2022లో ఎడ్జ్‌బాస్టన్ వరకు సాగిన అయిదేసి రోజుల ఆటలును; అత్యధికం 111 = 2019లో కింగ్‌స్టన్‌లో కొట్టిన ఏకైక శతకమును; సగటు = పరుగులను ఔటైన 25 పర్యాయములచే భాగింపగా తేలినదియును.

పాఠాంతరము: నాటౌట్ పదాన్ని వదిలేసి 28తోనే భాగించే పాఠమొకటి టీ కొట్టు బల్లల మీద వినబడుతుంది. అప్పుడు సగటు 29.96. ఈ పాఠం గ్రాహ్యం కాదు. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసి, పరుగు తీయలేని కాలితో విహారి 161 బంతులు ఆడి 23తో నిలిచాడు. అవతల అశ్విన్ తోడున్నాడు, మ్యాచ్ డ్రా అయింది. టీ కొట్టు పాఠంలో ఆ 23 సగటును కిందికి లాగుతుంది. గంటల తరబడి ఔట్ కాకుండా కాచినందుకు జరిమానా వేసే లెక్క ఏం లెక్క?

శంక: 33.56 ఎక్కువా, తక్కువా?

సమాధానము: ఒంటి అంకెకు ఎక్కువ తక్కువలు లేవు. దింపుకు పదిహేను కాయలిచ్చే కొబ్బరి చెట్టుందని చెబితే, అంబాజీపేట రైతు ముందు అడిగేది పక్క చెట్ల సంగతే. వాటికి ఇరవై పడుతుంటే ఈ చెట్టుకు ఎరువు వెయ్యాలి. ఎనిమిదే పడుతుంటే దీని కాయ విత్తనానికి తియ్యాలి. కాయలు మాత్రం రెండుచోట్లా అవే పదిహేను.

దృష్టాంతము: ఈ న్యాయాన్ని శాస్త్రంగా మలచినది అమెరికా బేస్‌బాల్. 1930లో బిల్ టెర్రీ బ్యాటింగ్ సగటు .401. ఆ ఏడు నేషనల్ లీగ్ మొత్తం సగటే .303. 1968లో యస్త్రెమ్‌స్కీ .301తోనే అమెరికన్ లీగ్‌లో మొదటివాడయ్యాడు, అక్కడి సగటు .230. అంటే 1930 నాటి సామాన్యుడి కంటే 1968 నాటి విజేత అంకె చిన్నది. లీగ్ సగటుతో భాగించి చూస్తే టెర్రీది 1.32, యస్త్రెమ్‌స్కీది 1.31: గోరంత తేడా. 1968లో పిచర్ల ధాటికి బ్యాటర్లు అంతగా కుదేలయ్యారు గనుకే మరుసటి ఏడు పిచర్ నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి దించారు. ఒక్క ఏటికే కాదు, ఆటగాడి జీవితకాలపు అంకెకూ ఇదే తూకం. ఓపీఎస్ ప్లస్ అనే కొలతలో లీగ్ సగటును 100గా పెట్టి, సొంత మైదానం వాటాను సరిచేస్తారు. అందులో బేబ్ రూత్ 206.

అన్వయము: విహారి ఆడిన 16లో స్వదేశంలో ఆడినవి మూడే: 2019లో విశాఖ, 2022లో మొహాలీ, బెంగళూరు. తక్కిన 13 ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా గడ్డ మీదివి. కాబట్టి 33.56 పక్కన పెట్టవలసింది అవే పిచ్‌ల మీద, ఆ ఏళ్లలోనే, అవే స్థానాల్లో ఆడినవాళ్ల సగటు. లక్ష్మణ్ 134 టెస్టుల 45.97ను తెచ్చి పక్కన నిలపడం తెలుగువారి అభిమానమే తప్ప తూకం కాదు. పైగా 25 ఔట్ల సగటు పచ్చికాయ బరువు వంటిది, కురిడీ బరువు కాదు. మరొక్క ఇన్నింగ్స్‌లో వంద కొట్టి నాటౌట్‌గా మిగిలి ఉంటే సగటు 37.56 అయ్యేది.

విశేషము: 2017 రంజీలో ఒడిశా మీద విహారి కొట్టిన 302 నాటౌట్ ఈ మూలంలో కనబడదు. లేఖకుడి పొరపాటేమీ లేదు. అది ఫస్ట్‌క్లాస్ పద్దు; దానికి టీకా వేరు.