ముత్తాత గజ్జి, మునిమనవడి పొలుసులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మూడు ఊళ్ళ పేర్లూ వరసగా వేసి, కింద ఎర్రక్షరాలతో: పుట్టుకతో వచ్చే అరుదైన చర్మవ్యాధులకు మూలం నుంచి శాశ్వత పరిష్కారం. ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఈ మధ్య దాన్ని తప్పించుకుని బస్టాండులో చాయ్ తాగడం కూడా కష్టమైపోయింది. 2016లో ఉమ్మడి వరంగల్‌ని విడగొట్టినప్పుడు మాకు కలెక్టరేట్లు వచ్చాయి. 2022లో మహబూబాబాద్‌కి, మరుసటేడు జనగామకి, భూపాలపల్లికి మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇప్పుడు జన్యువుల రిపేరు కూడా గడపలోకే వచ్చింది, హోమియో తీపి గుళికల రూపంలో. హైదరాబాదులో జన్యువుల మీద పనిచేసే సీసీఎంబీ వాళ్ళు ఇక తాళాలు వేసుకుని ఇళ్ళకు పోవచ్చు.

మూలం అన్నారు కాబట్టి మూలం దగ్గరికే పోదాం. లామెల్లార్ ఇక్తియోసిస్ అనే పొలుసుల జబ్బులో చాలామందికి ఆ మూలం పద్నాలుగో క్రోమోజోమ్ మీద ఉంది. టీజీఎం1 అనే జన్యువు. దాని పాత్ర 1995లోనే తేలింది. చర్మం పైపొరను బిగించే ఎంజైముకు సూచన ఇచ్చేది అదే. అమ్మ నుంచి వచ్చిన ప్రతి, నాన్న నుంచి వచ్చిన ప్రతి రెండూ చెడిపోతే బిడ్డ తరచు ఒళ్ళంతా బిగుతైన మెరిసే పొరతో పుడుతుంది. ఆ పొర ఊడాక పొలుసులు, జీవితాంతం.

గుళికలో ఏముందో కూడా చూద్దాం. హోమియోలో 30సి అంటే నూరో వంతుకు పలచన చేయడం, అదీ ముప్పైసార్లు. భూమ్మీది సముద్రాలన్నిట్లో ఒక్క చుక్క కలిపినా పదమూడో మెట్టు ఎక్కలేం. దానిపైన ఇంకా పదిహేడు మెట్లుంటాయి. ఏమీ లేని ఆ గుళిక పద్నాలుగో క్రోమోజోమ్ చిరునామా కనుక్కుని పోతుందట. ఇది పాత సంగతే, వదిలేద్దాం. నా ఒళ్ళు మండేది గుళికకు కాదు, దాని వెనకున్న గజ్జికి.

అవును, గజ్జికే. హోమియోపతి పితామహుడు హానిమన్ 1828లో దీర్ఘవ్యాధుల మీద పెద్ద గ్రంథం వేశాడు. మొండి రోగాల్లో ఎనిమిదింట ఏడు వంతులకు కారణం ‘సోరా’ అట, అంటే గజ్జి. ఎప్పుడో ఎవరో గజ్జికి పూతలు రాసి అణిచేశారు, అది లోపలికి పోయి దాక్కుంది, తరాల వెంట నడిచొచ్చింది. ఆయన జాబితాలో మొలలున్నాయి, కామెర్లున్నాయి, ఆస్తమా, చెవుడు, కంటిశుక్లం, మూర్ఛ, పిచ్చి, సంతానలేమి, గూని, కేన్సరు ఉన్నాయి. లేనిదేదో వెతకడమే కష్టం.

ఆయన పుట్టకముందే, 1687లో, ఇటలీలో బొనోమో అనే వైద్యుడు గజ్జి చేసే పురుగును సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మ గీసి మరీ అచ్చు వేశాడు. గ్రంథం వచ్చిన ఆరేళ్ళకు, 1834లో, పారిస్‌లో ఒక కుర్ర వైద్యవిద్యార్థి అందరి ఎదుటా సూదిమొనతో రోగి చర్మంలోంచి ఆ పురుగును బయటికి తీసి చూపించాడు. పురుగు దొరికింది. మందు రాస్తే చచ్చింది. గజ్జి పోయింది. మునిమనవళ్ళ కోసం అదేమీ దాచిపెట్టలేదు. కానీ సిద్ధాంతం మాత్రం చావలేదు. గజ్జి పొక్కుల రసి నుంచి తయారుచేసి, ఏమీ మిగలనంత పలచన చేసిన ‘సోరినం’ అనే మందు ఈనాటికీ ఉంది. పొలుసుల పిల్లవాడి కేసు షీటులో ‘మీ తాతముత్తాతల్లో ఎవరికైనా గజ్జి ఉండేదా’ అని రాసుకుంటారు. ఉండేది! నీళ్ళులేని మా కరువు పల్లెల్లో ఎవరికి లేదు? ముత్తాత మడికట్టు దగ్గర గీరుకున్న పాపానికి మునిమనవడికి శిక్ష. మన కర్మసిద్ధాంతం కూడా ఇంత ఖచ్చితంగా బిల్లు వేయదు.

అక్కడితో ఆగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ‘అణిచేస్తే లోపలికి పోతుంది’ అన్న ఆ ఒక్క ముక్క ఉంది చూశారూ, అది ఇప్పటికీ పిల్లల ఒంటి మీద పనిచేస్తోంది. పొలుసుల జబ్బున్న కొడుకు గురించి మా బంధువుల్లో ఒకామె ఫోన్ చేసింది: “అన్నా, పైపూతలు బంద్ చెయ్యమన్నరే. జబ్బు లోపలికి పోతదట. పోరడేమో రాత్రంత గీరుకుంటున్నడు. ఎట్ల చేద్దాం?” వాసలిన్, లిక్విడ్ పారాఫిన్. ఆ పిల్లవాడికి ఉన్న రక్షణ అంతా అదే. చర్మం చేయాల్సిన పని చేయలేకపోతున్నప్పుడు దాని తరఫున తేమను ఆపేది ఆ జిడ్డు ఒక్కటే. దాన్ని ఆపమన్నారు ఆ గుళికలవాళ్ళు. గీతలు పడి, పగిలి, చీము పట్టిన తర్వాత ఏమన్నారో చెప్పనా? రోగం బయటికి వస్తోంది, మందు పట్టింది, సంతోషించండి అన్నారు.

తగ్గితే మందు గొప్ప. పెరిగితే కూడా మందు గొప్ప! ఏ గండమూ లేని వ్యాపారం.

ఇందులో వ్యంగ్యానికి చోటు లేదు. పొలుసులు కప్పేసిన ఒంటికి చెమట సరిగా పట్టదు. భూపాలపల్లిలో బొగ్గుగనుల పక్కన మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు; ఆ పిల్లవాడికి మామూలు ఆటే వడదెబ్బ అవుతుంది. కొందరికి కింది రెప్పలు బయటికి తిరిగి, కన్ను మూతపడక, గుడ్డు ఎండి దెబ్బతింటుంది. వాడికి కావాల్సింది తడిబట్ట, నీడ, కంట్లో చుక్కలు, ఒంటికి జిడ్డు, అవసరమైతే చర్మవైద్యుడు ఆచితూచి ఇచ్చే అసిట్రెటిన్. ఇవేవీ శాశ్వత పరిష్కారాలు కావు. అలా అని చెప్పేవాడే నిజం చెప్పినవాడు. తప్పు మోసేది మాత్రం ఆ తల్లి. నువ్వు వాసలిన్ రాసి అణిచావు కాబట్టే కోర్సు పొడిగించాలి అంటారు ఆమెతో. ఎంత ధైర్యం!

మరి నయమైనట్టు చూపించే ఫోటోలు? అందులో గొప్ప విద్యేమీ లేదు. పొలుసుల జబ్బులో అన్నిటికన్నా మామూలు రకం, ఫిలాగ్రిన్ జన్యువుతో వచ్చేది, చలికాలం పెరుగుతుంది, గాలిలో తేమ చేరితే తగ్గుతుంది. సంక్రాంతికి ముందు కోర్సు మొదలుపెట్టి శ్రావణంలో ఫోటో తీయండి. నైరుతి రుతుపవనాలకు ఇవ్వాల్సిన ఫీజు మీ జేబులో పడుతుంది.

మేనరికం సంగతి ఆ ఎర్రక్షరాల్లో ఎక్కడా లేదు. తల్లీతండ్రీ ఇద్దరూ టీజీఎం1 చెడిన ప్రతిని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనమామను, మేనబావను చేసుకునే ఇళ్ళలో ఆ ఇద్దరూ కలిసే అవకాశం ఎక్కువ. రెండో బిడ్డకు ముందు ఈ మాట తల్లిదండ్రులకు ఎవరైనా చెప్పాలా వద్దా? హైదరాబాదులో సీడీఎఫ్‌డీ ఉంది, నిమ్స్ ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఆ రెండూ కలిపి ఒక ప్రత్యేక కేంద్రం. మూలం మేమే పీకేస్తాం అన్నాక ఎవరు పోతారు అక్కడికి?

జన్యువు దాకా పోయే మందు నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే పుట్టుకతో వచ్చే ఇంకో చర్మవ్యాధి ఉంది: బొబ్బల జబ్బు, అదే డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా. దానికి నిజంగానే జన్యువును మోసుకెళ్ళే జెల్‌ను 2023 మేలో అమెరికా అనుమతించింది. పుళ్ళ మీద వారం వారం వేస్తూ ఉండాలి. శాశ్వతం అని వాళ్ళూ అనలేదు.

ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి 2015లోనే హోమియో ఏ జబ్బుకూ పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. 2021 నుంచి ఫ్రాన్స్ ప్రభుత్వం దానికి డబ్బు కట్టడం మానేసింది. మనకు మాత్రం ఇలాంటి వైద్యాల కోసం ఒక మంత్రిత్వశాఖే ఉంది.

చట్టమూ ఉంది. ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని జబ్బుల పట్టిక, షెడ్యూల్ ‘జె’. అందులో జన్యు రుగ్మతలు అన్న మాట ఉంది. తప్పుడు ప్రకటనల మీద 2024లో పతంజలి అంతటి సంస్థే సుప్రీంకోర్టు ముందు చేతులు కట్టుకుని, పేపర్లలో క్షమాపణలు వేసుకోవాల్సి వచ్చింది. జనగామ గోడల దాకా ఆ వార్త ఇంకా నడిచి రాలేదేమో.

ఆమెకు వాసలిన్ ఆపొద్దని, వరంగల్ ఎంజీఎంలో చర్మవిభాగానికి తీసుకుపొమ్మని చెప్పాను. ప్యాకేజీ డబ్బులు వాపస్ అడిగిందట. ఇప్పుడే మందు లోపల పని మొదలుపెట్టింది, మధ్యలో ఆపితే చాలా ప్రమాదం అన్నారట.