రాత్రి పదకొండున్నర కాలేజీ

లండన్‌లో సాయంత్రం ఆరయితే రాజమండ్రిలో రాత్రి పదిన్నర. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. దాంతో మనకి పదకొండున్నర అవుతుంది. మార్చి ఆఖరి ఆదివారం మళ్లీ ముందుకి తిప్పుతారు. ఎక్కడో ఇంగ్లండులో వెలుతురు కోసం చేసుకున్న ఈ ఏర్పాటుకి గోదావరి ఒడ్డున నిద్ర చెడగొట్టుకునేది బహుశా నేనొక్కణ్ణే. గ్రెషమ్ కాలేజీ ఉపన్యాసాలు చాలా మటుకు ఆ ఆరు గంటలకే మొదలవుతాయి మరి. హాల్లో కూర్చున్నవాళ్లతో పాటు మాబోటి వాళ్లం కూడా ఇంట్లోంచే ప్రత్యక్షంగా వినొచ్చు. పైసా ఖర్చు లేదు.

రిటైరైన మనిషికి అర్ధరాత్రి కాలేజీ ఏమిటని మా ఆవిడ మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగడం మానేసి నా పక్క హాల్లో వేసేస్తోంది.

ఈ కాలేజీ పెట్టించింది సర్ థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు. మొదటి ఎలిజబెత్ రాణికి అప్పులు పుట్టించి పెట్టడంలో దిట్ట. లండన్‌లో రాయల్ ఎక్స్ఛేంజి కట్టించింది ఆయనే. ఆ ఎక్స్ఛేంజి మీద వచ్చే ఆదాయంతో ఏడుగురు ప్రొఫెసర్లని పోషించి, ఊళ్లో వాళ్లకి ఉచితంగా పాఠాలు చెప్పించమని వీలునామా రాసి 1579లో పోయాడు. ఖగోళం, జ్యామితి, సంగీతం, వైద్యం, న్యాయం, వక్తృత్వం, దైవశాస్త్రం. అయితే భార్య బతికున్నంత కాలం ఆస్తి ఆవిడదే అన్నాడు. ఆవిడ నిక్షేపంగా 1596 దాకా ఉంది. కాలేజీ 1597లో మొదలైంది. ఈ మొత్తం చరిత్రలో మా ఆవిడకి నచ్చిన భాగం ఇదొక్కటే.

నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ కాలేజీ ఎవరికీ డిగ్రీ ఇవ్వదు. పరీక్ష లేదు, హాజరు లేదు. ఈ మాట నాతో పాటు గోదావరి గట్టు మీద నడిచే ఒక రిటైర్డు లెక్చరర్ గారికి చెబితే, నడక ఆపేసి నిలబడ్డారు.

“పోనీ, సర్టిఫికెట్టన్నా ఇస్తారా?”

“ఇవ్వరండీ.”

“మరెందుకండీ?”

ఆయన్ని తప్పు పట్టలేం. 2020లో కాలేజీలన్నీ మూతబడ్డప్పుడు మన దేశంలో వెబినార్లు ఎలా వచ్చిపడ్డాయో గుర్తుందిగా. పొద్దున నానో టెక్నాలజీ, మధ్యాహ్నం ప్రబంధాల్లో ప్రకృతి, సాయంత్రం ఒత్తిడిని జయించడం ఎలా. చివర్లో ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు పెట్టేవారు. అది నింపితే మెయిల్లో ఈ-సర్టిఫికెట్టు వాలేది. కొందరు ఫోను ఛార్జింగులో పెట్టి, ఉపన్యాసాన్ని దాని మానాన దాన్ని వదిలేసి, లింకు వేళకి మాత్రం ఠంచనుగా వచ్చేవారు. మా లెక్చరర్ గారి దగ్గర అలాంటివి ఒక లావుపాటి ఫైలు ఉంది. కొన్నిటికి లామినేషన్ కూడా చేయించారు.

నా సంపాదన వేరే రకం. ఒక రాత్రి జ్యామితి ఉపన్యాసం నడుస్తుండగా, ఈ పీఠం మీద మొట్టమొదట కూర్చున్న మహానుభావుడెవరో చూద్దామని వెతికాను. హెన్రీ బ్రిగ్స్ అని తేలింది. మగత ఠక్కున వదిలింది. ఇంటర్మీడియట్‌లో మమ్మల్ని ఏడిపించిన లాగరిథమ్ పట్టికలకి మూలపురుషుడు దొరికాడు! క్లార్క్స్ టేబుల్స్ చేతబట్టి చదివిన తరానికి ఆ కష్టం తెలుసు. చీమతలకాయలంత అంకెలు. కుడిచేతి పక్కన మీన్ డిఫరెన్స్ అని ఇంకో గుంపు. స్కేలు అడ్డం పెట్టుకుని చూస్తుంటే ఫ్యాను గాలికి పేజీ కదిలి చూపు పక్క వరసలోకి జారేది. అక్కణ్ణుంచి యాంటీలాగ్‌కి వెళ్లి వచ్చేసరికి ల్యాబులో లోలకం మీద భూమ్యాకర్షణ చంద్రుడి మీద ఉన్నట్టు తేలేది.

లాగరిథమ్‌లు కనిపెట్టింది స్కాట్లండు దొర నేపియర్, 1614లో. వాటిని పది ఆధారంగా పెట్టుకుంటే వాడకానికి తేలికని పట్టుబట్టి, మనదాకా వచ్చిన రూపం ఇచ్చింది బ్రిగ్స్. ఆయన 1615లో లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా పడుతూ లేస్తూ వెళ్లి నేపియర్‌ని కలిశాడు. కలిశాక పావుగంట సేపు ఇద్దరూ నోట మాట లేకుండా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారని ఒక కథ. అందులో వింతేముంది? ఇద్దరూ మ్యూట్‌లో ఉండి ఉంటారు.

ఆ తర్వాత 1624లో బ్రిగ్స్ ముప్పై వేల సంఖ్యలకి, పద్నాలుగు దశాంశ స్థానాల దాకా, చేత్తో లెక్కకట్టిన పట్టిక అచ్చువేయించాడు. ఒకటి నుంచి ఇరవై వేల దాకా, మళ్లీ తొంభై వేల నుంచి లక్ష దాకా. మధ్యలో డెబ్బై వేలు వదిలేశాడు. సిలబస్ పూర్తి చెయ్యని మేష్టార్లకి ఇంతకన్నా పెద్ద ఆసరా ఏం కావాలి? ఆ ఖాళీని 1628లో వ్లాక్ అనే డచ్చి ఆయన పది స్థానాల దాకా పూరించాడు.

అదే జ్యామితి పీఠంలో 1665 నుంచీ రాబర్ట్ హుక్ ఉన్నాడు, సూక్ష్మదర్శిని కింద ఈగనీ పేనునీ చూసి బొమ్మలేసినాయన. అంతటివాడు పాఠం చెప్పడానికి వెళ్తే వినడానికి ఒక్కడూ రాని రోజులుండేవని ఆయన డైరీలోనే ఉంది. ఇది చదివాక మన సాహితీ మిత్రుల జూమ్ సభల మీద నాకు గౌరవం పెరిగింది. అక్కడ పదకొండు మందికి తగ్గరు. అందులో ఇద్దరు నిర్వాహకులు, ఒకరు వక్తగారి బావమరిది, ఇద్దరి కెమెరాల్లో ఇంటి కప్పు, ఒకరిది నుదురు మాత్రం.

ఆ సభలు ఆదివారం పొద్దున. అమెరికాలో శనివారం రాత్రి భోంచేసినవాళ్లూ ఇక్కడ ఇడ్లీకి కూర్చోబోయేవాళ్లూ కలిసే వేళ. ప్రార్థన, స్వాగతం, అధ్యక్షులవారి తొలిపలుకు, వక్త పరిచయం, ఆ పరిచయం చేసినవారి పరిచయం. “నా గొంతు వినిపిస్తోందాండీ?” “బ్రహ్మాండంగా వినిపిస్తోంది, కానీ మీరు కనిపించడం లేదు.” ఇంతలో ఎవరింట్లోనో కుక్కరు కూస్తుంది. “దయచేసి అందరూ మ్యూట్ చేసుకోండి” అంటే వక్తగారే ముందు చేసుకుంటారు. ఆయన అసలు విషయంలోకి వచ్చేసరికి అమెరికా వాళ్లు నిద్రపోతారు, మనకి పప్పు చల్లారిపోతుంది.

లండన్‌లోనే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అని ఇంకో చోటుంది. 1825లో ఫారడే శుక్రవారం సాయంత్రపు ప్రసంగాలు మొదలుపెట్టింది అక్కడే. ఆ ప్రసంగాలకి ఒక ఆచారం ఉంది. గంట కొట్టగానే వక్త లోపలికొచ్చి, నమస్కారం కూడా లేకుండా నేరుగా విషయంలోకి దిగుతాడు. గంటలో ముగిస్తాడు. అంతకుముందు కాసేపు ఆయన్ని గదిలో పెట్టి తాళం వేస్తారు. 1846లో వీట్‌స్టన్ అనే బిడియస్తుడు ఆఖరి నిమిషంలో పారిపోతే ఫారడే తనే నిలబడి మాట్లాడాల్సి వచ్చిందట, అందుకని. మన దగ్గరా తాళం పెట్టొచ్చు గానీ, దాని అవసరం ప్రసంగానికి ముందు కాదు, “రెండే రెండు నిమిషాల్లో ముగిస్తాను” అన్న తర్వాత.

రికార్డింగు ఎలాగూ పెడతారు కదా, పొద్దున్నే కాఫీ తాగుతూ చూడొచ్చు కదా అని మా అబ్బాయి సలహా. అలా ‘తర్వాత చూద్దాం’ అని దాచుకున్న వీడియోలు నా దగ్గర ఎన్నున్నాయో వాడికి తెలీదు. అవి చూడ్డానికి ఇంకో రిటైర్మెంటు కావాలి. ప్రత్యక్షంగా వింటే ఆ గంటసేపు ఎక్కడెక్కడి వాళ్లమో ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నట్టుంటుంది. పైగా ప్రశ్నలు పంపొచ్చు. లోటల్లా ఆఖర్నే. 1660 నవంబరు 28న ఇదే గ్రెషమ్ కాలేజీలో ఖగోళం ప్రొఫెసరు క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక పన్నెండు మంది ఇళ్లకి పోకుండా కూర్చుని కబుర్లలో పడి రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి పునాది వేశారు. నాకు ఉపన్యాసం అయ్యాక తెర నల్లబడుతుంది. మిగిలేది నేనూ, ఒక దోమా.

మొన్న శీతాకాలంలో మాత్రం ఒక ప్రశ్న పంపాను. చివర్లో ఆ నిర్వహించే ఆవిడ, ఆన్‌లైన్‌లో చూస్తున్న ఒకరు అడుగుతున్నారంటూ నా ప్రశ్నే చదివింది! ప్రొఫెసరు గారు మంచి ప్రశ్న అని రెండు నిమిషాలు జవాబు చెప్పారు. తెల్లారి గట్టు మీద లెక్చరర్ గారికి ఉత్సాహంగా చెప్పాను.

“మీ పేరు చదివారా?”

“లేదండీ. ఒక వీక్షకుడు అన్నారు.”

“స్క్రీన్‌షాట్ తీశారా?”

“ఆ సంబరంలో ఎవరికి తోస్తుందండీ!”

“అయితే అడిగింది మీరేనని రుజువేమిటి?”

నేను రిటైరైంది తాసిల్దారు ఆఫీసులో ధ్రువపత్రాల సీటు నుంచి. ఆ ప్రశ్న ఎంతమందిని అడిగానో లెక్కలేదు. కౌంటరుకి ఇవతల నిలబడి వినడం మాత్రం ఇదే మొదలు.