తీసిపెట్టు సూత్రము: టీకా తాత్పర్యము

మూలము:
“ఒక్కసారి తీసి పెట్టుండ్రి సార్, అదే వస్తది.”

అవతారిక. రఘువంశమునకు సంజీవినిని, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, మాఘకావ్యమునకు సర్వంకషను రచించిన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమలోని కొలిచెలమకు చెందినవాడగుటచేత, టీక వ్రాయుట తెలంగాణము వారికి తాతలనాటి ఆస్తి యనుకొనుటలో దోషము లేదు. అయితే ఆ మహానుభావునకు దొరకిన మూలములు రసవంతములు. మాకు దొరకినదో, సూర్యాపేటలోని ఒకానొక కంప్యూటరు దుకాణమునుండి ఫోనులో వెడలిన పై వాక్యము మాత్రమే. వాక్యము చిన్నదే కాని, జాతీయ రహదారి 65 వెంబడి సూర్యాపేట మొదలు కోదాడ దాకను, ఇటు సాగరు ఎడమకాలువ పారు మిర్యాలగూడ దాకను, ఏ దుకాణమునకు ఫోను చేసినను ఇదియే ఉపదేశింపబడుచున్నది గావున, ఇంతకాలము దీనికి వ్యాఖ్య లేకపోవుట పండితలోకమునకు తీరని లోటు.

ప్రకరణము. వక్త దుకాణములోని కుర్రవాడు, శ్రోత గృహస్థుడు. సందర్భమేమనగా, అమెరికానుండి సెలవులకు వచ్చిన కుమారుడు పెండ్లి ఫోటోలను, పాత క్యాసెట్లనుండి ఎక్కించిన వీడియోలను, పొలము పత్రముల స్కానులను ఒక్కచోట భద్రపరచు తలంపుతో, రెండు డిస్కులు గల నిల్వపెట్టె నొకదానిని, ఇప్పటివారు నాస్ అని పిలుచుదానిని, బీరువాపైన ప్రతిష్ఠించి విమానమెక్కి పోగా, కొంతకాలమునకు ఆ పెట్టె పిలిచిన పలుకక, కంప్యూటరు తెరమీద ‘దొరకలేదు’ అను మాట మాత్రము నిలిచినది. పెట్టె ముందుభాగమున దీపము వెలుగుచునే యున్నది. అయినను గృహస్థుడు అది చచ్చినదని నిశ్చయించి, కుమారునికి తెల్లవారునంతవరకు ఆగలేక, దుకాణమునకు ఫోను చేసెను. పలుకకుండుట వేరు, ప్రాణము పోవుట వేరు. ఈ భేదమును ఎరుగక చేసిన చికిత్సలవల్ల పోయిన ఫోటోలే, డిస్కులు తమంతట తాము చెడుటవల్ల పోయినవానికంటె అధికమేమో యని మా అనుమానము.

తీసి. అన్వయక్రమమున కర్మపదము క్రియకు ముందు రావలయును. తీయుట సకర్మక క్రియ; దేనిని తీయవలెను? మూలకారుడు చెప్పలేదు. ఈ సూత్రమునందలి గాంభీర్యమంతయు, అపాయమంతయు, ఈ లోపించిన కర్మలోనే యున్నది. అధ్యాహారము చేయుటలో వ్యాఖ్యాతలు మూడు త్రోవలు పట్టిరి.

భానుపురీయులు, అనగా సూర్యాపేట వారు, ‘పవర్ వైరును’ అని పూరింతురు. వారి యుక్తి ఇది: కరెంటు పోయి వచ్చు సంధికాలమున, ఇన్వర్టరు అందుకొనులోపల, పెట్టె సగము లేచి సగము పడి ఒకచో చిక్కుకొనిపోవును, దీపము వెలుగును గాని లోపలి బుద్ధి నడవదు. అట్టి యెడ విద్యుత్తును నిశ్శేషముగా తొలగించి, కెపాసిటర్లలో మిగిలినది కూడ దిగిపోవువరకు ఆగి మరల ఇచ్చినచో, అది మొదటినుండి లేచును. ‘పది లెక్కపెట్టుండ్రి’ అను ఉపసూత్రమునకు ఇదియే హేతువు. దానిని ఒక్క ఊపిరిలో లెక్కించువారు హేతువును గ్రహింపలేదనుట స్పష్టము. దీనికి పూర్వపక్షము కలదు. డిస్కుమీద వ్రాత సాగుచుండగా వైరు లాగినచో అర్ధాంతరమున తెగిన వ్రాతవల్ల ఫైళ్ళ వ్యవస్థయే చెడవచ్చును గదా యందురు. సత్యము. కావున ముందుగా పెట్టె ముఖమునందలి బటన్ నొక్కి దానిచేతనే పని ముగింపించవలెను. వినకున్న ఆ బటన్‌నే కొన్ని సెకనులు అదిమి పట్టవలెను. అదియు విఫలమైననే వైరు. సిద్ధాంతులు దీనిని అంగీకరించిరి గాని, ఫోనులో ఇంత చెప్పుటకు కుర్రవానికి తీరిక లేదు.

కోదాడ వారు ‘నెట్ వైరును’ అని పూరింతురు. ఇది సూక్ష్మదృష్టి గల మతము. వైరు దూరిన చోట చిన్న దీపమొకటి యుండును. అది ఆరియున్నచో పెట్టెకును రూటరుకును సంబంధమే లేదు గావున, వైరు రెండు కొనలను ఊడదీసి టిక్కుమను శబ్దము వచ్చువరకు దూర్చుటయో, ఎలుక కొరికినదైన వేరొకటి వేయుటయో కర్తవ్యము. దీపము వెలుగుచున్నను పెట్టె కనబడకున్న, విషయము చిరునామాకు సంబంధించినది. ఇచ్చట కొంచెము నిలువవలయును. ఏలయన మా ఎరుకలో పలుకని పెట్టెలలో పెక్కింటి రహస్యము ఇదియే.

ఇంటిలోని ప్రతి పరికరమునకును రూటరు ఒక చిరునామాను పంచిపెట్టును. ఇంటిలోపలి వాడుకకని 1996లో స్థిరపరచిన చిరునామా వర్గములలో 192.168తో మొదలగునది ఒకటి. అందు మొత్తము 65,536 చిరునామాలు కలవు. నెట్టు ఇచ్చువారిని మార్చుకొన్నప్పుడు వారు తమ రూటరును తెచ్చి బిగించి, పాతదానిని మూలపడవేసి పోవుదురు. పాతది 192.168.0 అను వరుసలో పంచినది, క్రొత్తది 192.168.1 అను వరుసలో పంచును. ఫోనులు, కంప్యూటర్లు అడిగి క్రొత్త చిరునామాలు పుచ్చుకొనును. నిల్వపెట్టెకు మాత్రము కుమారుడు వెళ్ళుచు, ఎన్నటికిని మారకుండవలెనను సదుద్దేశముతో, స్థిరమైన చిరునామాను వ్రాసిపెట్టి యుండును. ఊరంతయు క్రొత్త కాలనీకి తరలిపోగా పాత బజారులోని ఇంటిలో ఒక్కడే మిగిలి, ఉత్తరములు రాకున్నవేమని వాకిట కూర్చున్న ముసలివానివలె, ఆ పెట్టె పాత వరుసలోనే మేలుకొని యుండును. దానిని చచ్చినదనుట ఎంత అన్యాయము!

ఈ స్థితిలో పవర్ వైరు నూరుసారులు తీసి పెట్టినను ప్రయోజనము సున్న. చేయవలసినదేమనగా, కంప్యూటరుకు తాత్కాలికముగా పాత వరుసలోని ఒక చిరునామాను ఇచ్చి, పెట్టెను పలుకరించి, దాని పట్టుదలను మాన్పి, అది ఇకమీదట రూటరును అడిగి పుచ్చుకొనునట్లు దిద్దుట; పిమ్మట, పెట్టె అడుగున అంటించిన చీటీలో గల, దాని గుర్తగు మ్యాక్ సంఖ్యను రూటరు పుటలో వ్రాసి, దానికి ఎల్లప్పుడును ఒకే చిరునామా దక్కునట్లు అచ్చటనే నియమించుట. స్థిరత్వమును పెట్టెలో గాక రూటరులో ఉంచవలెనని కోదాడ సిద్ధాంతము. ఇది మాకును సమ్మతము. పెట్టెకు 169.254తో మొదలగు చిరునామా కనబడినచో అది వేరు జాతి: అడిగినను ఎవరును ఇయ్యనందున తనకు తానే పెట్టుకొన్న పేరు అది, దోషము వైరుదో రూటరుదో కావలయును.

పలుకుచున్నదా లేదా యని పరీక్షించు సాధనము పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనశాలలో మైక్ మూస్ అను నాతడు, అచ్చటి నెట్‌వర్కు మొండికేసిన సందర్భముననే, దీనిని వ్రాసెను. నీటిలోనికి ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినెడు సోనారునుబట్టి ఆ పేరు పెట్టెను. పింగునకు పలికియు, ఫోల్డరు తెరువని పెట్టెలు కలవు. అట్టివానియందు దోషము భాషాభేదము. పాత పెట్టెలు కొన్ని, ఫైళ్ళు పంచుకొను భాషయగు ఎస్సెమ్బీ యొక్క మొదటి కూర్పునందే మాటలాడును. 2017 మే నెలలో వానక్రై అను పీడ ఆ కూర్పునందలి రంధ్రమునుండియే లోకమంతట చొరబడినందున, ఆ యేటి చివర వచ్చిన విండోస్ 10 కూర్పు మొదలుకొని క్రొత్తగా స్థాపించిన కంప్యూటర్లు ఆ పాత భాషను సాధారణముగా మాటలాడవు. కంప్యూటరుకు మరల దానిని నేర్పుట దొంగకు తలుపు తీయుటయే. పెట్టెకే క్రొత్త సాఫ్ట్‌వేరు ఎక్కింపవలెను.

మూడవ మతము మిర్యాలగూడ బియ్యపు మిల్లుల లెక్కల గదులలో పుట్టినది. వారు ‘డిస్కును’ అని పూరింతురు. ఊకదుమ్ము పెట్టె వెనుక ఫ్యానునందు పేరుకొని వేడి పుట్టించుట నిజమే. దుమ్ము దులుపుట పుణ్యకార్యమే. అయితే దుమ్ము దులుపు నెపమున, నడుచుచున్న పెట్టెనుండి డిస్కును లాగి ఊది మరల దూర్చుట మహాపాతకము. రెండు డిస్కులందును ఒకే ప్రతి నుంచు పద్ధతికి రెయిడ్ 1 అని పేరు; ఆ సంఖ్యలతో కూడిన వర్గీకరణము 1988లో బర్క్‌లీలోని ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ప్రకటించిన వ్యాసమునుండి వ్యాపించినది. ఒక డిస్కు నూడదీసి మరల పెట్టినచో, పెట్టె దానిని పాతబడినదిగా భావించి, రెండవదానినుండి సమస్తమును మొదటినుండి తిరిగి వ్రాయబూనును. అది గంటల తరబడి సాగును. అంతవరకు సంసారమంతయు ఒక్క డిస్కుమీద నిలిచియుండును. ఆ ముసలి డిస్కు ఆ శ్రమకు తాళలేకపోయినచో, ఎవరిని నిందింతుము? అదిగాక, జంట డిస్కులున్నవని వేరొకచోట ప్రతి నుంచుకొననివారు, పొరపాటున చెరిపిన ఫోటో రెండింటినుండియు ఒక్క క్షణమున చెరిగిపోవునని తెలియవలెను. ఈ మతము ఖండితము.

ఒక్కసారి. సంఖ్యావాచకము వ్యర్థము కాదు, నియమార్థకము. అడ్డముగా కరెంటు పోయిన పిదప పెట్టె లేచునప్పుడు తన డిస్కులను తానే తనిఖీ చేసికొనును. ఆ వేళ ఆలస్యముగా పలుకును, ఒక్కొకప్పుడు అసలే పలుకదు. గృహస్థుడు ఓపికపట్టక మరల వైరు తీయును, తనిఖీ మరల మొదటికి వచ్చును, మరల తీయును. అందుచేత మూలకారుడు ‘ఒక్కసారి’ యనెను. వెనుకవైపు సూదిరంధ్రము గల రీసెట్ బటన్‌ను గూర్చి మూలమున ప్రస్తావన లేదు, లేనిదానిని చేయరాదు. అనేక పెట్టెలలో దానిని కొంచెము నొక్కిన పాస్‌వర్డు, చిరునామా మొదటి స్థితికి పోవును. ఎక్కువ నొక్కిన ఏమగునో పెట్టెకొక తీరు.

పెట్టుండ్రి. స్పష్టము.

సార్. సంబోధన. మర్యాదార్థకమని సామాన్యులందురు గాని, తీయుట పెట్టుట అను క్రియలకు కర్తృత్వము శ్రోతదేయని ధ్వనింపజేయుటకే ఇది ప్రయుక్తమైనదని మా అభిప్రాయము. తరువాత ఏమి జరిగినను తీసినది సారే గదా! ఇల్లాలు ఫోను చేసినచో ‘మేడమ్’ అని పాఠము. అర్థమున భేదము లేదు.

అదే వస్తది. ఏవకారముచేత అన్యవ్యవచ్ఛేదము: అదియే వచ్చును, మేము రాము, అని భావము. కోదాడ ప్రతులలో ‘అదే వచ్చుద్ది’ అని కలదు. పూర్వపు కృష్ణా జిల్లా పొరుగునుబట్టి కలిగిన పాఠము, గ్రాహ్యమే. ఏమి వచ్చును? దీపమా, చిరునామాయా, ఫోటోలా? మూడును వరుసగా వచ్చును. మొదటిది వచ్చినంతనే మూడవదియు వచ్చినదని భ్రమపడి దుకాణమునకు ‘వచ్చింది’ అని చెప్పినవారు కొందరు, ఫోను పెట్టివేయగనే పశ్చాత్తప్తులైరి.

ప్రక్షిప్తవిచారము. మిర్యాలగూడ ప్రతులలో మాత్రము ‘రాకుంటే పట్కరాండ్రి’ అను అధికవాక్యము కనబడును. సూర్యాపేట వారు దీనిని ప్రక్షిప్తమందురు. ప్రథమవాక్యమునందు అంత నిశ్చయముగా ‘వస్తది’ యన్న మూలకారుడు వెంటనే ‘రాకుంటే’ యని తన్ను తాను కాదనుకొనునా యని వారి ఆక్షేపణ. మేము దీనిని ప్రక్షిప్తమనియే ఒప్పుకొందుము గాని, ఆప్తవాక్యమైనందున వదలిపెట్టము. విచిత్రమేమనగా, ఇచ్చటను కర్మ లోపించినది. దేనిని పట్టుకరావలెను? జనులు పెట్టెను డిస్కులతో సహా సంచిలో వేసికొని, బస్సు గోతులలో కుదిపించుచు కొనిపోవుదురు. అది తప్పనిసరియైనచో, ఏ డిస్కు ఏ అరలో నున్నదో కాగితముమీద వ్రాసి అంటించి, మెత్తని గుడ్డ చుట్టి కొనిపోవలెను. అయితే ఇంటి పెట్టెలకు కరెంటునిచ్చు అడాప్టరు, వేసవులు గడిచినకొలది నీరసించి, దీపమును వెలిగించుపాటి శక్తి మాత్రము మిగుల్చుకొనును. పెద్ద డిస్కు తిరుగ నారంభించు క్షణమున 12 వోల్టుల దారిలో దాదాపు రెండు ఆంపియర్లవరకు కోరును, రెండు డిస్కులైన అంతకు ఇంచుమించు రెట్టింపు. అది అందక పెట్టె లేచి పడుచుండును. కావున ‘అడాప్టరును’ అని పూరించుటయే యుక్తము. అది చొక్కాజేబులో పట్టును. డిస్కులు ఇంటిలోనే కదలక యుండును. దుకాణమున వోల్టులు సరిగ్గా అవే, ఆంపియర్లు అంతకు తక్కువ కానివి, పిన్ను కొలతయు ధ్రువములును సరిపోవునవి యగు వేరొకదానిని అడుగవచ్చును.

అప్పుడు కుర్రవాడు అడ్డబల్ల వెనుకనుండి తల యెత్తకయే ‘ఏ కంపెనీది సార్?’ అని అడుగును. అది వేరొక సూత్రము. దానికి టీక ఇంకను ఎవరును వ్రాయలేదు.